ఆపడానికి పుట్టిన తాళంచెవి

కారు ఆగడం వేరు, ఇంజిన్ ఆగడం వేరు. మొదటిది బ్రేకు చూసుకుంటుంది, రెండోది తాళంచెవి చూసుకోవాలి. ఆ చెవి ఇగ్నిషన్‌లో బిగుసుకుని వెనక్కి తిరగకపోతే, నిలబడ్డ బండి నిలబడ్డట్టే పొగ వదులుతూ ఉంటుంది. కొన్నిసార్లు ఇంజిన్ ఆగుతుంది గానీ చెవి చేతికి రాదు. డ్యాష్‌బోర్డులో దీపాలు వెలుగుతూనే ఉండి, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ఊళ్ళలో ఆటో ఎలక్ట్రీషియన్లకు ఇది కొత్త బేరమేమీ కాదు. బండి యజమానికి మాత్రం నిన్నటి దాకా బాగా తిరిగిన చెవి ఇవాళ ఎందుకు మొరాయించిందో అంతుపట్టదు. కారణం సగం బీగంలో ఉంటుంది, సగం ఆ బీగం చరిత్రలో ఉంటుంది. నూరేళ్ళకు పైగా దాని నెత్తిన ఒక పని మీద ఇంకో పని పెడుతూ వచ్చారు. ఒక్కో కొత్త పనితో పాటు అది బిగుసుకోవడానికి ఒక్కో కొత్త కారణమూ వచ్చి చేరింది.

మొదట్లో దాని పని ఒక్కటే: ఇంజిన్‌ను ఆపడం, ఆపినదాన్ని పరాయివాడు నడపకుండా చూడడం. స్టార్ట్ చేయాలంటే కారు ముందు నిలబడి హ్యాండిల్ వేసి తిప్పాల్సిందే. 1908 నుంచి 1927 దాకా ఫోర్డ్ కంపెనీ తయారుచేసిన మోడల్ టీ కారులో డ్రైవరు ఎదుట కాయిల్ పెట్టె ఉండేది. దాని మీటను ఒక పక్కకు తిప్పితే బ్యాటరీ, ఇంకో పక్కకు తిప్పితే మ్యాగ్నెటో, మధ్యలో ఉంచితే ఆఫ్. తాళంచెవి ఆ మీటకే. హ్యాండిల్ తిప్పేటప్పుడు ఇంజిన్ ఎదురు తన్నితే ముంజేతి ఎముకలు విరిగేవి. చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912లో క్యాడిలాక్ కార్లలోకి వచ్చాక ఆ బాధ తగ్గుతూ వచ్చింది. మన డ్రైవర్లు ‘సెల్ఫ్’ అనేది దాన్నే. అది వచ్చాక కూడా చాలా కార్లలో చెవికి, సెల్ఫ్‌కు సంబంధం ఉండేది కాదు. చెవి తిప్పితే కరెంటు వస్తుంది, అంతే. సెల్ఫ్ కోసం కాలి కింద బొత్తాం నొక్కాలి, లేదా డ్యాష్‌బోర్డు మీద వేరే నాబ్ లాగాలి.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. బ్యాటరీ మీద ఆధారపడే ఇగ్నిషన్‌లో ఆఫ్ చేయడమంటే కరెంటు దారిని తెంచడం. మ్యాగ్నెటోలో దీనికి పూర్తిగా తలకిందులు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ మ్యాగ్నెటో తన కరెంటు తానే పుట్టించుకుంటుంది కాబట్టి, దాన్ని ఆపాలంటే ఆ కరెంటును బాడీకి కలిపి ఎర్త్ చేయాలి. అంటే ఆఫ్ చేసినప్పుడు తీగ కలుస్తుందన్నమాట. ఆ తీగే తెగిపోతే చెవి తీసి జేబులో వేసుకున్నా ఇంజిన్ ఆడుతూనే ఉంటుంది. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్ చుట్టూ ఉన్న పల్లెల్లో మల్బరీ ఆకు మూటలు మోసిన పాత టూ స్ట్రోక్ మోపెడ్లు, స్కూటర్లలో చాలావాటిది ఈ పద్ధతే. ఆఫ్ కాని బండి వస్తే అనుభవమున్న మెకానిక్ బీగం జోలికి పోకుండా, హ్యాండిల్ దగ్గర వైరు నలిగి తెగిందేమో ముందు చూస్తాడు.

మొదట చెప్పిన ఆ మూడు ఊళ్ళకు రోడ్డే ప్రాణం. 1910లలో బెంగళూరు నుంచి చిక్కబళ్ళాపురానికి, అటు కోలారు నుంచి చింతామణి మీదుగా నారోగేజి రైలు వచ్చింది. ఆ లైను తొంభయ్యో దశకంలో ఆగిపోయి, బ్రాడ్‌గేజిగా మారి మళ్ళీ కోలారు దాకా కలిసేసరికి 2013 అయింది. బాగేపల్లికి రైలు ఇప్పటికీ లేదు. దానికి ఉన్నదల్లా వారణాసి నుంచి కన్యాకుమారి దాకా పోయిన పాత 7వ నంబరు జాతీయ రహదారి, అంటే ఇప్పటి 44. బెంగళూరుకు వంద కిలోమీటర్లు. ఉత్తరంగా కాసేపు పోతే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. అటు గోరంట్ల, కదిరి, హిందూపురం. ఇటు గుడిబండ, చేళూరు. రెండు వైపులా ఇళ్ళలో ఎక్కువగా మాట్లాడేది తెలుగే. కైవార తాతయ్య తెలుగులో తత్వాలు పాడింది ఇక్కడే, చింతామణి పక్కన. పెళ్ళికైనా ఆస్పత్రికైనా టమోటా మండీకైనా బండి కట్టాల్సిన ప్రాంతం కాబట్టి, ఇంజిన్లను బాగుచేసే పని ఇక్కడ చిన్న పని కాదు. 2007లో కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడింది. అంతకు చాలా ముందే ఈ ఊళ్ళలో లేతు మిషన్లు, బ్యాటరీ అంగళ్ళు, డూప్లికేట్ కీలు కోసే దుకాణాలు స్థిరపడ్డాయి.

భారతదేశంలో కార్లు తయారు కావాలని అందరికంటే ముందు పట్టుబట్టినవారిలో ఒకరు ఈ నేల మీదే పుట్టారు. చిక్కబళ్ళాపురం పక్కన ముద్దేనహళ్ళిలో 1861లో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యది తెలుగు కుటుంబం. ఇంటిపేరులోని ఊరు నేటి ఆంధ్రప్రదేశ్‌లో గిద్దలూరు వైపు ఉంది. ఆనకట్టల ఇంజనీరుగా, 1912 నుంచి 1918 దాకా మైసూరు దివానుగా ఆయన పేరు అందరికీ తెలుసు. కార్ల కోసం పడ్డ పాట్లు మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు, అది న్యాయం కాదు. ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ గురించి 1934లో పుస్తకం రాసిన ఆయన, మరుసటి ఏడాది డెబ్బయి ఏళ్ళు దాటిన వయసులో యూరప్, అమెరికా వెళ్ళి కార్ల ఫ్యాక్టరీలు చూసి వచ్చారు. కారు ఒక్కటే తయారు కాదు, దానితో పాటు ఉక్కు, రబ్బరు, గాజు, బీగాలు, బ్యాటరీలు చేసే చిన్న కార్ఖానాలు వందల్లో పుడతాయన్నది ఆయన లెక్క. 1937లో బొంబాయిలో ఏర్పడిన కాంగ్రెస్ ప్రభుత్వం ఆ పథకానికి సుముఖంగా ఉన్నా, బ్రిటిష్ ప్రభుత్వం ముందుకు రాలేదు. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ ఆ కలను భుజాన వేసుకున్నారు. మీర్జా ఇస్మాయిల్ దివానుగా ఉన్న మైసూరు సంస్థానం బెంగళూరులో కార్ల ఫ్యాక్టరీకి సిద్ధమైంది. యుద్ధం రోజుల్లో దానికీ అనుమతి దొరకలేదు. చిత్రమేమిటంటే, అదే వాల్‌చంద్, అదే మైసూరు ప్రభుత్వం కలిసి 1940 డిసెంబరులో బెంగళూరులో విమానాల ఫ్యాక్టరీ పెట్టగలిగారు. అదే తర్వాతి కాలపు హెచ్‌ఏఎల్. కార్లకు మాత్రం బొంబాయి కుర్లాయే గతయింది. 1944లో వాల్‌చంద్ పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ అక్కడి నుంచి 1947లో బండ్లు బయటికి తెచ్చింది. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లోనే ఏర్పడింది.

అలా మన రోడ్ల మీదికి వచ్చిన బండ్లలో తాళంచెవికి ఉన్న విలువ ఒక్కోదానిలో ఒక్కో తీరు. మహీంద్రా వాళ్ళు 1940ల చివర బిగించడం మొదలుపెట్టిన విల్లీస్ జీపుకు యుద్ధకాలపు పూర్వరూపం ఒకటుంది. ఏ సైనికుడైనా ఎక్కి నడపగలగాలని దాన్నుంచి తాళంచెవినే తీసేసి, ఉత్త మీట పెట్టారు. స్టార్టరు కాలి కింద. అక్కడ చెవి బిగుసుకోవడమన్న ప్రశ్నే లేదు. 1950ల చివర వచ్చిన మొదటి తరం అంబాసిడర్లో చెవి ఇగ్నిషన్‌కు మాత్రమే, సెల్ఫ్‌కు నాబ్ లాగాలి, అదీ పనిచేయకపోతే డిక్కీలోంచి హ్యాండిల్ తీసి ముందు వైపు వేయాలి. ఇంత విడివిడిగా ఉండడం వల్ల ఒక మేలు జరిగింది. ఏది చెడితే దాన్నే విప్పి చూసుకోవచ్చు. రెండు స్క్రూలు తీస్తే స్విచ్ చేతిలోకి వస్తుంది, అదీ దొరకని ఊళ్ళో రెండు తీగలు కలిపితే బండి ఇంటికి చేరుతుంది.

ఆ కార్బురేటర్ కార్లకు ఇంకో జబ్బు ఉండేది. చెవి చక్కగా ఆఫ్‌లోకి వచ్చినా ఇంజిన్ ఆగదు. నంది కొండ వంపులన్నీ ఎక్కి పైకి చేరిన కారును ఆఫ్ చేస్తే, స్పార్కు లేకపోయినా అది కొన్ని క్షణాల పాటు దగ్గుతూ, ఊగుతూ ఆడేది. సిలిండర్లో పేరుకున్న మసి నిప్పుకణికలా ఎర్రబడి ఉంటుంది. ఆక్టేన్ తక్కువగా ఉన్న పెట్రోలు ఆ వేడికే అంటుకుంటుంది. గేరు వేసి, బ్రేకు మీద కాలు బలంగా ఉంచి, క్లచ్ మెల్లగా వదిలితే చస్తుంది. చాలామంది దీన్ని తాళంచెవి తప్పుగా అనుకుని స్విచ్ మార్పించేవారు. హెడ్డు విప్పి మసి గీకిస్తే, టైమింగు సరిచేయిస్తే పోయే రోగానికి ఆ ఖర్చు వృథా.

డీజిల్ బండ్లది అసలు వేరే లోకం. డీజిల్‌కు స్పార్కే అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. కాబట్టి పాత బస్సులు, లారీలు, డీజిల్ జీపుల్లో చెవి తిప్పి ఆఫ్ చేసినా ఇంజిన్‌కు పట్టేది కాదు. దాన్ని ఆపడానికి డ్యాష్‌బోర్డు కింద ఒక నాబ్ ఉండేది. దాన్ని లాగితే కేబుల్ పోయి పంపు దగ్గర డీజిల్ రాకుండా ఆపుతుంది. కేబుల్ పట్టేస్తే క్లీనరు కిందికి దిగి, బానెట్ ఎత్తి, పంపు మీట చేత్తో నొక్కేవాడు. మైసూరు ప్రభుత్వ బస్సులు 1948లో మొదలైన నాటి నుంచి చాలాకాలం ఈ ప్రాంతపు డ్రైవర్లకు తెలిసిన ‘ఆఫ్’ ఇదే. ఆ పంపులు తయారుచేసిన మైకో కంపెనీ, 1951లో మొదలైన బాష్ వారి సంస్థ, బెంగళూరు ఆడుగోడిలోనే ఉండడం ఈ చుట్టుపక్కల ఊళ్ళకు కలిసొచ్చింది. డీజిల్ పంపు పని నేర్చినవాడికి చింతామణిలోనైనా చిక్కబళ్ళాపురంలోనైనా గిరాకీ తగ్గలేదు. తర్వాత కేబుల్ స్థానంలో కరెంటుతో పనిచేసే సోలెనాయిడ్ వచ్చింది. అప్పటి నుంచి డీజిల్ బండి ఆగడం కూడా చెవి చేతికి వచ్చింది. సోలెనాయిడ్ ఇరుక్కుంటే చెవి తీసేసినా ఇంజిన్ నడుస్తుంది, అప్పుడు బీగాన్ని తిట్టి లాభం లేదు.

చెవి నెత్తిన రెండో పెద్ద పని 1949లో పడింది. ఆ ఏడాది అమెరికాలో క్రైస్లర్ కంపెనీ, చెవిని ఇంకాస్త తిప్పితే సెల్ఫ్ కూడా తిరిగేలా చేసింది. అందరికీ నచ్చింది, అందరూ అనుసరించారు. దాంతో బీగంలోకి ఒక స్ప్రింగు వచ్చింది: ఇంజిన్ అందుకోగానే చెవిని స్టార్ట్ నుంచి ఆన్‌లోకి వెనక్కి తేవాల్సినది అదే. ఆ స్ప్రింగు నీరసించినా, లోపల గ్రీజు గడ్డకట్టినా చెవి స్టార్ట్ దగ్గరే ఉండిపోతుంది. నడుస్తున్న ఇంజిన్‌కు స్టార్టరు పళ్ళు పట్టుకుని కీచుమంటాయి. కొద్ది సేపట్లో స్టార్టరు కాలిపోతుంది, తీగలు వేడెక్కి వాసన వస్తుంది. ఈ రకం బిగింపులో వాయిదా వేయడం తగదు.

మూడో పని స్టీరింగు లాక్. దొంగతనాలు ఆపడానికి పశ్చిమ జర్మనీ 1960ల మొదట్లోనే దాన్ని తప్పనిసరి చేసింది. జనరల్ మోటార్స్ 1969 మోడళ్ళలో చెవిని డ్యాష్‌బోర్డు నుంచి స్టీరింగు స్తంభం మీదికి తెచ్చింది. 1970 జనవరి నుంచి అమెరికా చట్టం కూడా దొంగతనాన్ని అడ్డుకునే లాక్ ఉండాలంది. మన దేశంలో 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చాక స్టీరింగు పక్కన చెవి మధ్యతరగతి ఇళ్ళకు అలవాటైంది. ఇవాళ్టి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ మూడో పనికి చెందినవే. చెవి తీయగానే లోపల నుంచి ఒక ఉక్కు గడియ దూసుకొచ్చి స్టీరింగు కడ్డీ గాడిలో పడుతుంది. నంది కొండ దారిలోనో, గుడిబండ కోట కిందనో వాలు మీద బండి నిలిపి, ముందు చక్రం రాయికి ఆనించామనుకోండి. చక్రం బరువంతా కడ్డీ మీద, కడ్డీ బలమంతా గడియ మీద పడుతుంది. చెవి ఎంత తిప్పినా తిరగదు. “బలంగా తిప్పొద్దన్నా, ఒక చేత్తో స్టీరింగు అటూ ఇటూ ఆడిస్తా ఇంకో చేత్తో మెల్లగా తిప్పు” అని మెకానిక్ ఫోన్లోనే చెప్పగల మందు అది. పైసా ఖర్చు లేకుండా వదులుతుంది. కోపంతో పటకారు పెట్టి తిప్పినవారి చెవి విరిగి సగం లోపల ఉండిపోతుంది, అప్పుడు వందల్లో పోయేది వేలల్లో పోతుంది.

ఆటోమేటిక్ గేరు కార్లలో నాలుగో పని కూడా ఉంది. పిల్లలు గేరు లాగి బండి జారిపోయిన ప్రమాదాల తర్వాత, గేరు ‘పీ’ అక్షరం దగ్గర ఉంటేనే చెవి చివరి దాకా తిరిగి బయటికి వచ్చేలా 1990ల నుంచి అమెరికాలో నియమం వచ్చింది. ‘పీ’లో పెట్టామని మనం అనుకున్నా, గేరు కింది చిన్న స్విచ్ అలా అనుకోకపోతే చెవి రాదు. ఆ గేరు సందులో పడిన చిల్లర నాణెం, ఎండిన కాఫీ జిగురు చాలు. కొన్ని కార్లలో బ్యాటరీ పూర్తిగా దిగిపోయినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే చెవిని వదలాల్సిన సోలెనాయిడ్‌కు కరెంటు అందదు.

ఇవేవీ కాకపోతే అప్పుడు బీగం. లోపల పలుచని ఇత్తడి రేకులు వరుసగా స్ప్రింగుల మీద నిలబడి ఉంటాయి. చెవి పళ్ళు వాటన్నిటినీ ఒకే మట్టానికి తెస్తేనే సిలిండరు తిరుగుతుంది. ఏళ్ళ తరబడి వాడితే చెవి పళ్ళు అరుగుతాయి, రేకులూ అరుగుతాయి. ఒకదానికొకటి అలవాటుపడి నడుస్తున్న ఆ జంట, ఎండాకాలంలో ఒకరోజు దారి తప్పుతుంది. ఈ జిల్లా మెట్ట నేల. రాళ్ళ క్వారీల దుమ్ము, చెరువు ఎండినప్పటి మన్ను కారులోని ప్రతి సందులోకీ దూరుతుంది. అందుకే బీగంలో ఇంజిన్ ఆయిలో కొబ్బరి నూనో పోసే అలవాటు ఇక్కడ మరీ చెరుపు చేస్తుంది. మొదటి వారం హాయిగా తిరుగుతుంది, నెలకల్లా నూనె, దుమ్ము కలిసి బంకై రేకులను పట్టేస్తాయి. పొడి గ్రాఫైట్ వేయాలి. నూనె ఇదివరకే పోసి ఉంటే ముందు కాంటాక్ట్ క్లీనరుతో కడగాలి.

డూప్లికేట్ చెవి సంగతీ చెప్పుకోవాలి. అరిగిన చెవిని చూసి కోసిన కొత్త చెవికి ఆ అరుగుదలంతా వారసత్వంగా వస్తుంది, దాని మీద కోతలో వచ్చే తేడా అదనం. బీరువాలో వాడకుండా దాచిన రెండో చెవిని తెచ్చి కోయించుకోవడం మేలు. అది కూడా పోతే కంపెనీ కోడ్ నంబరుతో తెప్పించుకోవాలి. బీగమే మార్చాలంటే బెంగళూరు జేసీ రోడ్డు. విడిభాగాల అంగళ్ళకు పేరున్న ఆ వీధికి పొద్దున బస్సుకు పోయి సాయంత్రానికి లాక్ సెట్‌తో తిరిగిరావడం ఈ మూడు ఊళ్ళ మెకానిక్కులకు మామూలే.

చెవి గుత్తి బరువు కూడా చిన్న విషయమేమీ కాదు. ఇంటి బీగం, బోరు మోటారు షెడ్డు బీగం, అంగడి షట్టరు బీగం అన్నీ కారు చెవికే వేలాడదీసే అలవాటు పల్లెటూరి కార్లలో బాగా ఉంది. గుంతల రోడ్డు మీద ఆ బరువు ఊగినంతసేపూ సిలిండరును లాగుతూ ఉంటుంది. దీని విపరీతం 2014లో ప్రపంచమంతా చూసింది. జనరల్ మోటార్స్ చిన్న కార్ల ఇగ్నిషన్ స్విచ్‌లో చెవిని ఆన్‌లో నిలిపే స్ప్రింగు ఉండాల్సినంత గట్టిగా లేదు. గుత్తి బరువుకో, మోకాలు తగిలో చెవి తనంతట తానే వెనక్కి జారి, నడుస్తున్న కారులో ఇంజిన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. 124 మంది మరణాలకు ఆ లోపమే కారణమని కంపెనీ ఏర్పాటుచేసిన పరిహార నిధి అంగీకరించింది. తిరగని చెవి చికాకు పెడుతుంది. అతి సులువుగా తిరిగిన చెవి ప్రాణాలు తీసింది.

చెవి ఆఫ్‌లోకి వచ్చినా పెట్రోలు కారు ఆగకపోతే చూడాల్సినవి బీగం వెనకాల ఉంటాయి. చెవి తిప్పే సిలిండరు వేరు, దాని వెనక కరెంటును కలిపి విడదీసే స్విచ్ వేరు. స్విచ్‌లోని రాగి ముక్కలు కాలి అతుక్కోవచ్చు, రిలే అతుక్కోవచ్చు, హారనుకో స్టీరియోకో బయట లాగిన వైరు దొడ్డిదారిన ఇగ్నిషన్‌కు కరెంటు పంపుతూ ఉండవచ్చు. అప్పటికప్పుడు ఆపాలంటే బండిని పూర్తిగా నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, మాన్యువల్ గేరు కారైతే పై గేరులో బ్రేకు మీద క్లచ్ వదలాలి. సెల్ఫ్ ఆగకుండా తిరుగుతుంటే మాత్రం బానెట్ ఎత్తి బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పడమే దారి. బండి కదులుతుండగా చెవిని ఆఫ్ చేసి లాగే ప్రయత్నం ఎన్నడూ చేయకూడదు. స్టీరింగు లాక్ పడితే బండి ఎటు పోతే అటే.

ఐదో పని చెవి తలలో దాక్కుంది. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయ్యాక, చెవి ప్లాస్టిక్ తలలోని చిప్ సరైన సంకేతం ఇస్తేనే ఇంజిన్ నడిచే పద్ధతి మన దేశంలోకీ వచ్చింది. అదే కాలంలో మెర్సిడెస్ చెవి అక్కర్లేని బటన్ స్టార్ట్ తెచ్చింది. బటన్‌తో పాత ప్రశ్నే కొత్తగా లేచింది: నడుస్తున్న బండిని ఎలా ఆపాలి? 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్ డియాగో దగ్గర ఒక లెక్సస్ కారులో యాక్సిలరేటర్ ఫ్లోర్ మ్యాట్‌కు చిక్కుకుని నలుగురు చనిపోయారు. ఆ కారులో ఇంజిన్ ఆగాలంటే బటన్‌ను మూడు సెకన్ల పాటు నొక్కి పట్టుకోవాలి. డీలరు తాత్కాలికంగా ఇచ్చిన ఆ కారును అప్పుడే చేతికి తీసుకున్నవారికి ఆ సంగతి తెలిసే వీలు తక్కువ. ఇప్పుడు 44వ నంబరు రహదారి మీద బాగేపల్లి టోల్ దాటే కార్లలో ఇలాంటి బటన్లున్నవి చాలానే ఉన్నాయి, నొక్కి పట్టాల్సిన సమయం ఒక్కో కంపెనీకి ఒక్కో రకం.

డూప్లికేట్ కీ దుకాణాల్లో పని కూడా దానికి తగ్గట్టే మారింది. ఆకురాయి, కోత మిషను పక్కన ఇప్పుడు ల్యాప్‌టాప్, కారుకు తగిలించే ప్రోగ్రామర్ వచ్చి చేరాయి. చిప్ ఉన్న కారుకు ఉత్త బీగం సెట్ మార్చి ఊరుకుంటే కొత్త చెవి బ్రహ్మాండంగా తిరుగుతుంది, ఇంజిన్ అందుకుంటుంది, రెండు క్షణాల్లో ఆగిపోతుంది. పాత చెవి తల పగలగొట్టి అందులోని చిప్‌ను కొత్తదానిలోకి మార్చాలి, లేదా కొత్త చిప్‌ను కారు కంప్యూటర్‌కు పరిచయం చేయాలి. కాబట్టి అరిగిపోయిందని, వంగిందని పాత చెవిని పారేసి గ్యారేజీకి పోతే పని రెట్టింపవుతుంది.